దుఃఖమును పంచుకొనుట

దుఃఖమును వెలిబుచ్చుట దౌర్బల్యమా? నడివయస్సు దాటినవారికి లోకము బోధించు నీతి ఒక్కటియే: గంభీరముగా ఉండవలెను, ఓర్చుకొనవలెను. పసివాడేడ్చిన ఎత్తుకొందుము, అరువదియేండ్లవాని కంట నీరు కనిన ముఖము త్రిప్పుకొందుము.

మేము హైదరాబాదు పాతబస్తీలో నివసించువారము. ప్రతియేట మొహర్రము పదవదినమున దబీర్‌పురాలోని బీబీకా అలావానుండి అలమును ఏనుగుపై ఊరేగించి చాదర్‌ఘాటుకు కొనిపోవుదురు. ఆనాడు నెరసిన గడ్డములవారు నడివీథిలో విలపింతురు, వారినెవ్వరును పిరికివారనరు. పదిమందితో కూడిన శోకమునకు సిగ్గు లేదు, ఒంటరిశోకమునకే సిగ్గు.

భరతముని నాట్యశాస్త్రమున శోకమును కరుణరసమునకు స్థాయిభావముగా చెప్పెను. అది రసమగుటకు సహృదయుడు కావలెనని ఆలంకారికుల మతము. నాటకశాలలో పరుల శోకమునకు కరగు మనము ఇంటిలో సహృదయులము కాకపోవుట వింత కాదా?

మా యింట జరిగినదే చెప్పెదము. మా పెదతండ్రిగారు భార్యావియోగము కలిగిన పిదప తరచుగా ఆమె మాట ఎత్తుచుండిరి. మేము "ధైర్యము తెచ్చుకొనుడు, అంతయు కర్మము" అని వేదాంతము చెప్పి ప్రసంగము మార్చుచుంటిమి. దానినే ఓదార్పనుకొంటిమి. కొన్నాళ్లకు వారు మాటలాడుటయే మానిరి. ఆహారము తగ్గెను, నిద్ర తొలగెను. అప్పుడు పొరుగింటి ముసల్మాను వృద్ధులొకరు, తామును భార్యను కోల్పోయినవారు, ప్రతిసాయంకాలము మా అరుగుమీద కూర్చుండి, "వదినగారు చారు ఎట్లు కాచెడివారు?" వంటి ప్రశ్నలు అడుగసాగిరి. మొదటినాడు పెదతండ్రిగారు కన్నీరు పెట్టుకొనిరి. నెల తిరుగునప్పటికి ఆ చారు ముచ్చట చెప్పుచు నవ్విరి.

1938లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆరంభమై నేటికిని సాగుచున్న పరిశీలనయు ఇట్టిదే చెప్పుచున్నది: ఆత్మీయసంబంధములు గలవారికి వార్ధక్యమున ఆరోగ్యమును సుఖమును ఎక్కువ.

అయిన ఒక హెచ్చరిక. ఒకే గాయమును దినదినము కెలకుకొనుట పంచుకొనుట కాదు. దానివలన వ్యథ పెరుగును. కోపమును ఇంటిల్లిపాదిపై క్రుమ్మరించుటయు పంచుకొనుట కాదు. మా పొరుగువారు మరణమునుగూర్చి అడుగలేదు, ఆమె జీవితమునుగూర్చి అడిగిరి. భేదమంతయు అందే యున్నది.

కావున, చదువరులారా, మీ యింటి పెద్దలు నోరు విప్పినప్పుడు ఉపదేశమును కొంతసేపు దాచుకొనుడు. ఒక ప్రశ్న అడిగి, ఊరక వినుడు. మా పెదతండ్రిగారు నేడు లేరు. వారి మాటలు వినిన సాయంకాలములు పొరుగువారికి దక్కినవి, మాకు దక్కలేదు.