అర్ధసత్యము

అసత్యము పలుకకుండుట కొంతవరకు సులభము; అన్యుని వంచింపకుండుట కష్టము. ఈ రెండింటికిని గల భేదము నెరుగనివాడు సత్యవ్రతము నాచరింపజాలడు.

భారతయుద్ధమున పదునైదవనాడు భీముడు అశ్వత్థామ యను ఏనుగును చంపి, అశ్వత్థామ హతుడయ్యెనని ఎలుగెత్తి చాటెను. ద్రోణుడు ఆ మాటను నమ్మక, ఎన్నడును బొంకనివాడని ధర్మరాజునే యడిగెను. ధర్మరాజు హతుడయ్యెనని స్పష్టముగ పలికి, ఏనుగను మాటను అస్పష్టముగ పలికెను. అందొక్క పదమును అసత్యము కాదు. అయినను అంతవరకు భూమికి నాలుగంగుళముల యెత్తున నడచిన ఆతని రథము నేలను తాకెను. కథ అంతటితో ముగియలేదు. స్వర్గారోహణపర్వమున ధర్మరాజునకు నరకదర్శనమయ్యెను. వ్యాజముచే ద్రోణుని వంచించితివి గనుక వ్యాజముచేతనే నీకును నరకము కనబడెనని ఇంద్రుడు తెలిపెను.

యోగసూత్రములకు గల వ్యాసభాష్యము, మన యెరుకను ఎదుటివాని కందించుటకే వాక్కు ఉన్నదనియు, అది వంచించునది గాని, భ్రాంతితో కూడినది గాని, బోధపడనిది గాని కాకూడదనియు చెప్పుచున్నది. దానికి టీక రచించిన వాచస్పతిమిశ్రుడు వంచనకు ధర్మరాజు మాటనే ఉదాహరణముగ చూపెను. కావున సత్యము పలికిన పదమునందు మాత్రమే లేదు. శ్రోత మనస్సున మన మే భావమును కలిగింపగోరితిమో దానియందును ఉన్నది.

నేటి ఎన్నికల వాగ్దానములను ఈ గీటురాతిపై పెట్టి చూడుడు. ప్రణాళికలో "అర్హులందరికి" అని యుండును. సభలో "అందరికి" అనునదే బిగ్గరగ వినవచ్చును. "దశలవారీగ", "నిధులను బట్టి" అను మాటలు ఆనాటి ఏనుగు వంటివే. పిదప నిలదీసినచో, వ్రాసినది చదువలేదా యని ప్రత్యుత్తరము వచ్చును.

ప్రణాళికలోని వాగ్దానములు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములోని 123వ సెక్షను క్రింద అవినీతి చర్యలు కాజాలవని 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, మార్గదర్శకములను రూపొందింపుమని ఎన్నికల సంఘమును ఆదేశించెను. 2014లో సంఘము, వాగ్దానములకు హేతువును, ధనము సమకూర్చు మార్గమును స్థూలముగ తెలుపవలెననియు, నెరవేర్పదగినవానితోనే ఓటరుల విశ్వాసమును కోరవలెననియు నియమావళిలో చేర్చెను. ఇది మేలే. కాని వ్రాతకు నియమము చెప్పవచ్చును; ఉద్దేశమునకు అంతరాత్మయే సాక్షి.

ద్రోణుడంతటివాడు ఏల మోసపోయెను? పుత్రవ్యామోహముచే. అంతమాత్రమున వంచించినవాని దోషము తగ్గదు. అయినను మన వ్యామోహ మెచ్చటనో వంచన అచ్చటనే ప్రవేశించును. "నాకేమి లభించును?" అని మాత్రమే అడుగువాడు "ఎవరి ధనముతో? ఎన్నటికి? ఎవరెవరికి?" అని అడుగ మరచును.

నాయకులను నిందించి మనము తప్పించుకొనరాదు. అడుగలేదు గదా యని సరకులోని లోపమును దాచు వర్తకుడును, వివాహసంబంధము కుదుర్చుకొనునపుడు తెలిసిన రోగమును మాటునబెట్టు తండ్రియు ఈ దోషమునే చేయుచున్నారు. సాధకుడు ప్రతిరాత్రి శయనించుటకు ముందు, "నేడు నా మాట విన్నవాడు నా మనస్సులో నున్నదానినే గ్రహించెనా?" అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. లేదని తోచినచో మరునాడే పోయి ఆతనికి ఉన్నదున్నట్లు తెలుపవలెను. మన రాజముద్ర క్రింద నున్న ముండకోపనిషద్వాక్యమును గౌరవించు విధానమిదియే.