చలిజ్వరం వచ్చిన యేడు

1948 సెప్టెంబరులో తాత ఏం చేశాడని అడిగితే మా నాయనమ్మ జవాబు ఎప్పుడూ ఒక్కటే: "ఏం జేస్తడు బిడ్డా, చలిజొరమొచ్చి గొంగడి కప్పుకొని పండిండు." 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ ఐదు రోజులూ బేగంపేట రైలుకట్ట పక్కన, గుడిసెలో మా తాత వణుకుతూనే ఉన్నాడు.

ఆయన రైల్వేలో కీమన్. పొద్దున్నే సుత్తె భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచేవాడు. పట్టాను బిగించి ఉంచే చాబీ వదులుగా ఉన్నప్పటికీ బిగిసి ఉన్నప్పటికీ సుత్తె తగిలినప్పుడు చప్పుడు వేరట. వంగి చూడకుండా చెవితోనే పోల్చుకునేవాడట.

మా బాబాయికి ఈ కథ చాలదు. సైన్యం అలా రావడాన్నే పోలీస్ యాక్షన్ అంటారు, ఆ మాట అన్నాక నిజాం పక్షాన పోరాడిన రజాకార్ల మాట రావాలి, తాత ఎవరినో ఒకరిని ఇంట్లో దాచి ఉండాలి. ఆ ఆశ ఎక్కడిదో నాకు తెలుసు. మన మనిషి కూడా చరిత్రలో ఉన్నాడని చెప్పుకోవాలని ఎవరికి ఉండదు? కానీ జ్వరం తీసేసి సాహసం తొడిగితే అది మా తాత కాడు, ఇంకెవరో.

నిజానికి ఆ చలిజ్వరానికీ, అంటే మలేరియాకీ, ఒక చరిత్ర ఉంది, అదీ బేగంపేటదే. 1897 ఆగస్టులో ఇక్కడే రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు హుసేన్ ఖాన్ అనే రోగికి, దోమలతో కుట్టించుకున్నందుకు, దోమకు అణా చొప్పున ఇచ్చాడు. 20వ తేదీన ఆ దోమల్లో ఒకదాని కడుపు కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే మలేరియా జాడ దొరికింది. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. పాత విమానాశ్రయం దగ్గర ఆయన పనిచేసిన భవనానికి ఇప్పుడు ఆయన పేరే. హుసేన్ ఖాన్ కూడా ఎవరికో తాతే అయి ఉంటాడు. ఆ అణాలతో ఇంటికి ఏం కొనుక్కెళ్లాడు? ఆ జ్వరం తగ్గి మళ్లీ పనికి వెళ్లాడా? నా మనసు ఇప్పుడు ఎక్కువగా ఈ ప్రశ్నల చుట్టే తిరుగుతుంది.

జ్వరం గుట్టు ఇక్కడే బయటపడి యాభై ఏళ్లు దాటినా, ఆ పక్కనే గుడిసెలో మా తాత అదే జ్వరంతో పడుకున్నాడు. ఇది నన్ను బాధిస్తుంది. తెలుసుకున్నది గుడిసె దాకా రావడానికి వేరే పని, వేరే మనుషులు కావాలి. జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లో మొదలైంది. ఆ తర్వాత మందు కొట్టేవాళ్లు పంపు పట్టుకుని ఇంటింటికీ తిరిగి గోడలకు డీడీటీ చల్లారు. మా ఇంటి గడప లోపలికి వచ్చిన చరిత్ర నా లెక్కలో అదే. మా ఇంటికి మందు కొట్టడానికి వచ్చిన మనిషి పేరు ఎవరూ రాసి పెట్టలేదు గానీ, ఆయన చెప్పిన మాట మాత్రం నాయనమ్మ మరవలేదు: గోడ అలకొద్దు, మందు పోతుంది. పండగొచ్చినా అలకలేదట. ఇరుగుపొరుగు నవ్వినా తెల్లమరకల గోడలతోనే దసరా చేసింది. "ఆ యేడు మీ తాత ఒక్క నాగా పెట్టలే" అనేది.