ముందే కట్టిన ప్రాయశ్చిత్తం

బీమా అంటే మన ఇళ్ళల్లో ఒకటే అర్థం. ఆయన పేరు మీద పాలసీ, నామినీ గడిలో మన పేరు. ఆ కాగితం బీరువాలో పట్టుచీరల అడుగున ఉంటుంది. ఆ డబ్బు తీసుకునే అవసరం రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే ఏటేటా ప్రీమియం కడుతూంటాం. ఇంత విచిత్రమైన బేరం ఇంకోటి లేదు.

ఇంకో రకం బీమా కూడా ఉంది. మనకి జరిగే నష్టానికి కాదు, మన వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి. స్కూటరు కొన్నప్పుడు థర్డ్ పార్టీ అని కట్టించుకుంటారే, అదే. రేపు నేను ఎవర్నైనా గుద్దితే వాళ్ళకివ్వడానికి ఇవాళే కట్టేస్తున్నానన్నమాట. పూర్వం పాపం చేశాక ప్రాయశ్చిత్తం చేసుకునేవారు. ఇప్పుడు ముందే కట్టేసి రసీదు పుచ్చుకుంటున్నాం.

స్కూటరు సంగతి సరే. ఒక ఫాక్టరీ ఊరి గాలినీ, నీళ్ళనీ విషం చేస్తే? ప్రీమియం కట్టాం కదా అని ఆ తప్పు కూడా బీమా కంపెనీ ఖాతాలోకి వెళ్ళిపోతుందా?

1868 నాటి ఇంగ్లండు తీర్పు ఒకటుంది. ఒకాయన తన మిల్లు కోసం చెరువు తవ్విస్తే ఆ నీళ్ళు పక్కాయన బొగ్గుగనిలోకి దిగాయి. ప్రమాదాన్ని తెచ్చి తన స్థలంలో పెట్టుకున్నవాడే జవాబుదారీ అన్నారు. పోను పోను ఆ సూత్రానికి దైవఘటన అనీ అదనీ ఇదనీ మినహాయింపులు మొలిచాయి. 1985 డిసెంబరులో ఢిల్లీలో ఒక ఎరువుల కర్మాగారం నించి ఓలియం వాయువు లీకయింది. 1986లో భగవతిగారి ధర్మాసనం ఆ మినహాయింపులేవీ ఇక్కడ చెల్లవంది. ప్రమాదకరమైన పరిశ్రమ పెట్టినవాడు ఎంత జాగ్రత్తపడినా సరే, నష్టం పూర్తిగా భరించాల్సిందే. కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది కావాలి. ఇది ఆడవాళ్ళకి కొత్త సంగతి కాదు లెండి. కుక్కని పెంచుకున్నది మీరు, కరిచింది మా పిల్లాణ్ణి. మీ గొలుసు ఎంత గట్టిదో మాకెందుకండీ?

తరవాత 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం వచ్చింది. ప్రమాదకరమైన రసాయనాలతో పనిచేసే ప్రతి యజమానీ పాలసీ తీసుకోవాలి. బాధితులు తప్పు ఎవరిదో రుజువు చెయ్యక్కర్లేదు, కలెక్టరుకి అర్జీ పెట్టుకుంటే చాలు. బీమాని నేను తీసిపారెయ్యను. కంపెనీ దివాలా తీసినా కనీసం ఆసుపత్రి ఖర్చులకైనా నాలుగు రాళ్ళు రాలతాయి. కాకపోతే చట్టం చేసిన నాడు పోయిన ప్రాణానికి అందులో రాసిన సాయం 25,000 రూపాయలు. అంతకు మించి కావాలంటే కోర్టు మెట్లెక్కాలి.

ఆ ఏడాదే, 1991 అక్టోబరులో, భోపాల్ విషయంలో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. 1984 డిసెంబరు రాత్రి ఆ గాలి పీల్చి అప్పటికి ఏ జబ్బూ బయటపడనివాళ్ళున్నారు. ఆ తల్లులకి ఇక ముందు పుట్టబోయే పిల్లలున్నారు. రేపు వాళ్ళకేమైనా అయితే? అందుకని సుమారు లక్షమందికి కేంద్ర ప్రభుత్వమే వైద్య బీమా చేయించాలంది. ఎంత తల్లిమనసున్న ఆలోచన! ఇంకా కడుపులో పడని బిడ్డకి పాలసీ! 2023 మార్చిలో, పరిహారం పెంచమన్న ప్రభుత్వం పిటిషన్ని కొట్టేస్తూ, అదే కోర్టు ఆ పాలసీలు అసలు తీసుకోనేలేదని తేల్చింది. ఘోరమైన నిర్లక్ష్యం అంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు!

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పాలసీ తీసుకోండని ఊళ్ళో యజమానులందరికీ చట్టం చేసి చెప్పిన చెయ్యే, తను తీసుకోవాల్సిన పాలసీ తీసుకోలేదు. చేసినవాడికీ, చేయించినవాడికీ, ప్రోత్సహించినవాడికీ, చూసి ఊరుకున్నవాడికీ పాపంలో సమాన భాగం అంటారు పెద్దలు. ఈ నాలుగోవాడికి ఏ కంపెనీ పాలసీ రాస్తుంది చెప్పండి?

భోపాల్‌కి ఒక రాత్రి ఉంది, ఒక తేదీ ఉంది. బీమాకి కావలసింది తేదీయే. ఆ 1991 చట్టంలోనూ ప్రమాదం జరిగిన అయిదేళ్ళలోపల అర్జీ పెట్టుకోవాలి. అమెరికా బీమా కంపెనీలు 1970 ప్రాంతాల్లోనే, అకస్మాత్తుగా జరిగిన కాలుష్యానికైతే ఇస్తాం, నెమ్మదిగా పాకినదానికి మాకు సంబంధం లేదని రాసుకున్నాయి. 1986 నించి ఆ అకస్మాత్తు మాట కూడా తీసేశాయి.

మరి మన పటాన్‌చెరు? అక్కడ విషం ఒక్క రాత్రి రాలేదు. ఫాక్టరీల మురుగు ఏళ్ళ తరబడి నక్కవాగులో కలిసింది, పొలాల్లోకి పాకింది, బావుల్లోకి దిగింది. 1990లో కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళేనాటికే ఊళ్ళకి ఊళ్ళు నీళ్ళు పోగొట్టుకున్నాయి. ప్రమాదం జరిగిన తేదీ అన్న గడిలో ఆ ఊరి ఇల్లాలు ఏం రాయాలి? బిందెలో నీళ్ళు రంగు తిరిగిన రోజా? గేదె ఆ వాగు నీళ్ళు ముట్టనన్న రోజా? ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పప్పు ఉడకని రోజా?