కాయకమునకు క్రొత్త పనిముట్టు

శరణ ధర్మమునకు కాయకము ప్రాణము. దాసోహము దాని ఫలము. కాయకమునకు పనిముట్టు కావలెను గాని పనిముట్టే కాయకము కాదు. పనిముట్టు కాలమును బట్టి మారును. సత్యశుద్ధి మాత్రము మారరాదు. ఈ భేదము నెరిగినవానిని మార్పు భయపెట్టజాలదు.

మద్నూర్ తెలంగాణపు సరిహద్దు ఊరు. మహారాష్ట్రమును కర్ణాటకమును సమీపముననే యున్నవి. ఇచ్చటి అంగడిలో తెలుగు, మరాఠీ, కన్నడము మూడును వినవచ్చును. పత్తి, సోయా, కంది మొదలగు పంటల వర్తకము ఈ ఊరికి ఆధారము. చిట్టా ఆవర్జాలతో, గల్లాపెట్టెతో, ఉద్దర ఖాతాతో తరతరములుగా సాగిన వర్తకమున నేడు గల్లా ప్రక్కనే క్యూఆర్ పలక వచ్చి నిలిచినది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ పద్ధతి ఆరంభమైనది. ఆ ఏడే నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దు కాగా, పలువురు వర్తకులు ఇష్టము వలన గాక అవసరము వలన ఇట్టి పద్ధతులను చేపట్టిరి. వయసు మీరినవారిలో జంకు ఇంకను పోలేదు. జంకుట నేరము కాదు. కాని అది దేనిని గూర్చిన జంకో విచారించి చూడవలెను.

మొదటిది అలవాటు తప్పుననెడి భయము. ఇట్టి మార్పు ఈ నేలకు క్రొత్తది కాదు. నిజాము కాలపు హాలీ సిక్కా పోయి భారత రూపాయి వచ్చినది. 1957 ఏప్రిల్ 1న 16 అణాల రూపాయి 100 నయాపైసల రూపాయి అయినది. మరుసటి ఏటి నుండి సేర్లు, మణుగులు క్రమముగ తొలగి కిలోలు, క్వింటాళ్లు వచ్చినవి. అణాల లెక్క కంఠస్థమైన తరము పైసల లెక్కను మరల నేర్చుకొనవలసి వచ్చినది, నేర్చుకొన్నది. అంగళ్లు మూతపడలేదు.

రెండవది మోసమును గూర్చిన భయము. దీనిని జాగ్రత్త యనుటయే ఉచితము. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ నొక్కవలసిన పని లేదు. పిన్ నొక్కుట యనగా సొమ్ము ఇచ్చుటయే. కొనవచ్చినవాడు చూపు తెరను గాక, తన ఖాతాలో పడిన జమను చూచి సరుకు నీయవలెను. ఓటీపీ ఎవరికిని చెప్పరాదు. మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. నాణెమును మ్రోగించి చూచి తీసికొన్న వర్తకునకు ఈ మెలకువ క్రొత్తది కాదు.

మూడవది లెక్క వెల్లడి యగుననెడి భయము. ఇదియే అన్నిటికంటె లోతైనది. 2025 జూలైలో కర్ణాటకమున యూపీఐ రాబడిని బట్టి చిన్న వర్తకులకు జీఎస్టీ నోటీసులు రాగా, పలువురు క్యూఆర్ పలకలను తీసివేసి నగదే అడిగిరి. వారి కలత అకారణము కాదు. ఖాతాలో పడిన ప్రతి రూపాయియు అమ్మకపు సొమ్ము కాదు. చేబదులుగా తెచ్చినది ఉండవచ్చును, బంధువులు పంపినది ఉండవచ్చును. అయినను దీనికి మందు పలకను దాచుట కాదు. ఇంటి ఖాతాను, అంగడి ఖాతాను వేరుపరచి, కొన్న బిల్లులను, అమ్మిన లెక్కను భద్రపరచుకొనుటయే మందు.

బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని భాండారియై యుండెను. రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొండెములు చెప్పినవారు కలరు. భాండారమును తెరచి లెక్కింపగా ధనమేమియు తగ్గలేదని గాథ. భక్తులు దీనిని మహిమగా తలతురు. వర్తకుడు దీనినుండి మరియొక ధర్మమును గ్రహింపవచ్చును: పెట్టె తెరచుటకు వణకని చేయియే శుద్ధమైన చేయి.

శరణులు మార్పునకు వెరచినవారు కారు. ఇష్టలింగమును సామాన్యుని అరచేతిలోనికి తెచ్చినవారు, శివానుభవమును జనుల వాడుక మాటలలో పలికినవారు వారే. వయసున చిన్నవాడైన చెన్నబసవన్న జ్ఞానమునకు పెద్దలు తలయొగ్గిరి. కావున మనుమరాలి యొద్ద ఫోను విద్య నేర్చుకొనుట తాతకు చిన్నతనము కాదు. నేర్పువారికిని ధర్మము కలదు. ఫోనును లాగికొని తామే పని ముగించుట సేవ కాదు. పెద్దల చేతనే చేయించి, తప్పినను విసుగుకొనక పదిమారులు చూపుట జ్ఞాన దాసోహము.

ఇంకొక హెచ్చరిక కలదు. ఆయ్దక్కి మారయ్య అవసరమునకు మించి బియ్యమును ఏరి తేగా, ఆతని సతి లక్కమ్మ ఆ మిగులును తిరిగి విడిచి రమ్మనెను. సొమ్ము వేగముగ నడచు కాలమున ఆశయు వేగముగ నడచును. ఒక్క నొక్కుతో అప్పు దొరకునని పుచ్చుకొనుటకు ముందు లక్కమ్మను తలచుకొనవలెను. ఫోను లేని అవ్వ పదిరూపాయల నోటుతో వచ్చినచో ఆమెను త్రిప్పి పంపరాదు. మఠములును దాసోహమునకు వచ్చిన కానుకల లెక్కను భక్తుల కగుపడునట్లు ఉంచినచో అందరికిని దారి చూపినవగును.

త్రాసు మారినను ముల్లు నిటారుగ నిలువవలెను. అట్లు నిలిపిన వర్తకునకు క్రొత్త పనిముట్టు శత్రువు కాదు; అది ఆతని కాయకమునకు సాక్షి.

శరణు శరణార్థి.