ప్రశ్న రాసేదెవరు? - రాజ్యాంగ సవరణలూ, ప్రజల ఓటూ

రాజ్యాంగాన్ని సవరించేటప్పుడు ప్రజల ఓటు తీసుకోవాలా, అక్కరలేదా? ఈ చర్చ వచ్చినప్పుడల్లా మనలో చాలామంది "ప్రజలే ప్రభువులు గనుక తీసుకోవలసిందే" అని ఒక్కమాటలో తేల్చివేస్తున్నారు. నిజామాబాదులో నేను పాఠాలు చెప్పే విద్యార్థుల ధోరణి కూడా ఇదే. ఆ జవాబు తప్పని నేననను, కాని అది సగం జవాబు. ప్రజలు ఏమి చెప్పారన్నదానికి ముందు, వారిని ఏమడిగారు, ఆ ప్రశ్నను ఎవరు రాశారు అన్నది తేలాలి.

మన హైదరాబాదు సంస్థానం సంగతే చూడండి. భారత రాజ్యాంగ సభలో దీని తరఫున ప్రతినిధి ఒక్కడూ లేడు. 1948 సెప్టెంబరు సైనిక చర్యకు ముందు సాగిన సంప్రదింపులలో ప్రజాభిప్రాయ సేకరణ మాట వచ్చింది, పోయింది. జునాగఢ్‌లో ఆ ఏడాది ఫిబ్రవరిలో ఓటు పెట్టారు, ఇక్కడ పెట్టలేదు. 1949 నవంబరులో నిజాం జారీచేసిన ఫర్మానా భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూనే, సంస్థాన ప్రజలు తమ రాజ్యాంగ సభ ద్వారా దాన్ని ఆమోదించాలన్న షరతు పెట్టింది. ఎవరినీ ఏమీ అడిగి ఎరుగని ప్రభువుకు చివరి ఘడియలో ప్రజామోదం గుర్తుకు వచ్చింది! ఆ మాట ఆయన సొంతమా, ఆయనచేత పలికించినదా అన్నది వేరే సంగతి. షరతు మాత్రం సరియైనదే. ఆ సభ ఏనాడూ సమావేశం కాలేదు.

ఇక్కడే మన సిద్ధాంతాన్ని ఇరకాటంలో పెట్టే విషయం ఒకటున్నది. 1951లో మొదటి రాజ్యాంగ సవరణ తొమ్మిదవ షెడ్యూలును సృష్టించి, 13 చట్టాలకు కోర్టుల నుంచి రక్షణ కల్పించింది. వాటిలో రెండు హైదరాబాదువి, రెండూ జాగీర్లను గురించినవి. ఒకటి 1358 ఫసలీ నాటి జాగీర్ల రద్దు రెగ్యులేషను. జాగీర్లు రద్దు చేసినది సైనిక ప్రభుత్వం. ఆ రద్దుకు కవచం తొడిగినది వయోజనుల ఓటుతో ఎన్నిక కాని తాత్కాలిక పార్లమెంటు. రైతునెవరూ అడగలేదు, అయినా ఆ పని న్యాయమైనది. అలాగైతే అడగకపోయినా పరవాలేదా?

"అడిగివుంటే రైతు దొరకు జడిసి వద్దనివుండేవాడు" అనేవారున్నారు. వీరికి 1952 ఎన్నికలే జవాబు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకు వచ్చినవాటికంటె ఎక్కువ ఓట్లు వేసినది గడీల నీడలో బతికిన ఆ రైతులే. అడిగివుంటే జాగీర్ల రద్దు నిలిచేదే. అడగనందువల్ల పోరాడి గెలుచుకొన్న హక్కు పైనుంచి దిగివచ్చిన దయగా నమోదయింది. జాగీర్దారుకు చెల్లించే సొమ్ము ఎంత అన్నది కూడా రైతు ప్రమేయం లేకుండానే తేలిపోయింది. ఇది చిన్న నష్టం కాదు.

అయితే ఓటు పెట్టినంత మాత్రాన సరిపోదు. చిలీలో 1980లో పినొషే ఓటర్ల జాబితాలే లేకుండా ఓటు పెట్టి, తన రాజ్యాంగానికి ప్రజామోదం లభించిందని చాటుకొన్నాడు. 2022లో అదే దేశంలో, ఎన్నికైన సభ రాసిన ప్రగతిశీల రాజ్యాంగాన్ని దాదాపు 62 శాతం ఓటర్లు తిరస్కరించారు. ఇదంతా ధనికుల ప్రచార మాయ అని మనవాళ్లు కొట్టివేస్తున్నారు. నేను ఒప్పుకోను. 388 అధికరణాలను ఒకే మూటగా కట్టి ఔనా, కాదా అంటే, మెచ్చినదాన్నీ మెచ్చనిదాన్నీ విడదీసే దారి ఓటరుకెక్కడిది?

మన 368వ అధికరణంలో ప్రజల ఓటుకు చోటే లేదు. ఎమర్జెన్సీలో వచ్చిన 42వ సవరణ చేసిన గాయాన్ని మాన్పడానికి 1978లో జనతా ప్రభుత్వం తెచ్చిన బిల్లులో చోటిచ్చారు. లౌకిక, ప్రజాస్వామిక స్వభావాన్ని, ప్రాథమిక హక్కులను, స్వేచ్ఛగా జరిగే ఎన్నికలను, న్యాయశాఖ స్వాతంత్ర్యాన్ని దెబ్బతీసే సవరణ ఏదైనా ప్రజల ఓటుతో నెగ్గాలి, కనీసం 51 శాతం ఓటర్లు పాల్గొనాలి. లోక్‌సభ ఒప్పుకొన్నది, రాజ్యసభ ఆ క్లాజును తీసివేసింది. అది పోవడం నష్టమేనని నా అభిప్రాయం. అటువంటి తాళం ఒకటి ప్రజల చేతిలో ఉండితీరాలి. కాని అందులోనూ ప్రశ్న రాసేది పార్లమెంటే, ప్రజలకు మిగిలేది "ఆగు" అనే హక్కు మాత్రమే. స్విట్జర్లాండులో 18 నెలలలో లక్ష సంతకాలు కూడగట్టితే, పౌరులే సవరణ ప్రతిపాదించి దేశంచేత ఓటు వేయించవచ్చు.

మన జిల్లా రైతులు అటువంటి హక్కు లేకుండానే ఒకసారి ప్రశ్న రాశారు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానానికి 185 మంది పోటీచేస్తే, వారిలో 170 మందికి పైగా రైతులు. పసుపు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలి అన్నదే వారి ప్రశ్న. ఒక్కొక్క పోలింగు కేంద్రంలో 12 ఓటింగు యంత్రాలు వరుసగా పేర్చవలసివచ్చింది. అభ్యర్థిని ఎన్నుకొనే కాగితం మీదనే వారు తమ డిమాండును అచ్చువేయించారు! 2025 జనవరిలో బోర్డు వచ్చింది. ధరకు హామీ రాలేదు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయినప్పుడుగాని, 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడినప్పుడుగాని చెరకు రైతునూ కార్మికుణ్ణీ ఏ ప్రశ్నా అడగలేదు. స్విస్ పద్ధతి రేపు మనకు వచ్చిందనుకొందాం. ఊరూరా తిరిగి సంతకాలు కూడగట్టే స్తోమతు ఆ రైతుకుంటుందా, చక్కెర వ్యాపారికుంటుందా? దీనికి జవాబు 1978 బిల్లులో లేదు, మన సంఘాల తీర్మానాలలోనూ ఇంతవరకు నాకు కనిపించలేదు.