బండ్ల మీద కొలువు

సంక్రాంతి వస్తే జహీరాబాద్ చుట్టుపక్కల ఎడ్లబండ్లు ముస్తాబవుతాయి. పాత పంటల జాతర బయలుదేరుతుంది. బండ్ల నిండా విత్తనాలు. కొర్రలు, సామలు, పచ్చజొన్నలు. ఒక్కో రకానికి ఒక్కో కుండ, ఒక్కో బుట్ట. బొమ్మల కొలువులాగే, పొందికగా.

ఈ కొలువును తీర్చేవి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు. ఎక్కువమంది దళిత రైతులే. దగ్గరికెళ్లి ఒక బుట్ట చూడండి. వెదురుతో అల్లి, పేడతో అలికింది. లోపల గింజల్లో బూడిద, వేపాకు. పురుగు పట్టదు. నా దృష్టిలో ఆ బుట్టే ఒక కళాఖండం.

కళను చూపడానికి గోడలు అక్కర్లేదు. టిక్కెట్టూ అక్కర్లేదు. బండే మన ఊళ్లోకి వస్తుంది. డప్పు మోగుతుంది. ఆడవాళ్లు పాట ఎత్తుకుంటారు. ఊరంతా బండి చుట్టూ చేరుతుంది.

మాచనూరులో వీళ్లదే ఒక రేడియో కూడా ఉంది. 2008లో మొదలైన సంఘం రేడియో. వాళ్ల పంటల ముచ్చట్లు, వాళ్ల పాటలు, వాళ్ల మాటల్లోనే వినిపిస్తాయి. అక్కడా అంతే. గొంతు వినిపించడానికి పెద్ద భవనం అక్కర్లేదు.

ఈసారి జాతర బండ్లు మీ దారిన వస్తే కాసేపు ఆగండి. ఏ గింజ ఏ కార్తెలో విత్తాలో ఆ అమ్మల్ని అడగండి. ఓపిగ్గా చెబుతారు.