ఒళ్ళు, కొవ్వు, ఆత్మవిశ్వాసం

తెలుగులో 'కొవ్వు' అన్న మాటకి రెండర్థాలున్నాయి. ఒకటి చర్మం కింద పేరుకునేది. రెండోది పొగరు. "దానికి కొవ్వెక్కింది", "ఒళ్ళు బలిసి మాట్లాడుతోంది", "తిన్నది అరక్క" – ఇవన్నీ చిన్నప్పట్నుంచీ మన చెవిన పడుతున్నవే. వీటిని అనిపించుకోవడానికి లావుగా ఉండనక్కర్లేదు. కూలి పెంచమని అడిగిన బక్కపలచటి మనిషికి ఒళ్ళు బలిసిందంటారు. అత్తకు ఎదురుచెప్పిన కోడలికి కొవ్వు పట్టిందంటారు. దొర ఎదురైతే మంచం మీంచి లేవని దళితుడికీ అదే మాట. అంటే ఇక్కడ కొవ్వు కిలోల లెక్క కాదు. ఎవరు ఎంత చోటులో ఒదిగి ఉండాలో ముందే కొలిచిపెట్టిన సమాజం, ఆ కొలత దాటినవాళ్ళకి పెట్టిన పేరు.

నిజంగానే లావుగా ఉన్న స్త్రీ దగ్గర ఈ రెండర్థాలూ కలిసిపోతాయి. ఆమె ఒళ్ళు కొలత దాటిందన్న తీర్పు ముందే అయిపోయింది. ఇక గొంతు కూడా పెంచితే? అందుకే లావుపాటి ఆడపిల్ల మన ఇళ్ళల్లో మొదట నేర్చుకునేది క్షమాపణ. ఫొటోలో వెనక వరసలో నిలబడటం, ఆటోలో అంచున కూర్చోవడం, నలుగురిలో రెండోసారి వడ్డించుకోకపోవడం, ఎవరో నవ్వేలోపు తన మీద తానే జోకు వేసుకోవడం. నాకు 36 ఏళ్ళు, 92 కిలోలు, సాహిత్యంలో పీహెచ్‌డీ. ఈ మూడింటిలో ఎదుటివాళ్ళు ముందుగా చూసేదేమిటో చెప్పనక్కర్లేదు.

కొన్నేళ్ళ క్రితం ఒక సెమినార్‌లో పత్రం చదివాను. నా ముందు చదివిన స్నేహితురాలితో భోజనాల దగ్గర అందరూ ఆమె వాదన గురించి మాట్లాడారు, ఇద్దరైతే గట్టిగానే విభేదించారు. నా దగ్గరికొచ్చిన ముగ్గురు మాత్రం విడివిడిగా ఒకే మాటన్నారు: "ఎంత కాన్ఫిడెంట్‌గా మాట్లాడావమ్మా!" ముగ్గురూ స్త్రీలే. ముగ్గురూ నేను గౌరవించేవాళ్ళే. ఆ మాటలో దురుద్దేశం లేదు, ఆశ్చర్యం ఉంది. నా పత్రంలో ఒక్క తప్పు పట్టుకుని నిలదీసినా ఇంతకంటే సంతోషించేదాన్ని. ఎందుకంటే నిలదీయడమంటే నన్ను సమానంగా చూడటం. మెచ్చుకోలు అలా కాదు. అది నేను ఏ చోటునుంచి లేచి మాట్లాడానో గుర్తుచేసింది.

లావుగా ఉన్న స్త్రీలకు ఇవాళ అన్నివైపుల నుంచీ ఒక సలహా వస్తోంది: 'నీ శరీరాన్ని నువ్వు ప్రేమించుకో.' బట్టల కంపెనీలూ ఇదే చెప్తాయి, వ్యక్తిత్వ వికాసం పాఠాలు చెప్పేవాళ్ళూ ఇదే చెప్తారు. ఒళ్ళు అసహ్యించుకోమని చెప్పేదానికంటే ఇది నయమే, కాదనను. కానీ నన్ను వేధిస్తున్న ప్రశ్న వేరు. లోకం నన్ను గౌరవించడానికి ముందు నన్ను నేను ప్రేమించుకుని తీరాలా? మొన్నటిదాకా సన్నబడటం నా బాధ్యత. ఇప్పుడు సన్నబడకుండానే సంతోషంగా ఉండటం నా బాధ్యత. రెండింటిలోనూ మారాల్సింది నేనే, చూసే కళ్ళకు ఏ పనీ లేదు.

మన సినిమాల్లో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో 31 ఏళ్ళకే చనిపోయింది. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకుందని పత్రికలు రాశాయి. ఆ మరణానికి కారణమేమిటో తేల్చడం నా పని కాదు. అసలు ఆ శస్త్రచికిత్స గది దాకా ఒక స్త్రీని నడిపించేది ఏమిటన్నదే నా ప్రశ్న. అదే ఏడాది నవంబరులో 'సైజ్ జీరో' వచ్చింది. దొడ్డిదారిన సన్నబరిచే క్లినిక్కుల మోసాన్ని చూపించి, లావుగా ఉన్న అమ్మాయిని కథకి మధ్యలో నిలబెట్టిన సినిమా. ఆ పాత్ర కోసం అనుష్క బరువు పెరిగింది. అయితే ఆమె మళ్ళీ సన్నబడుతుందని చూసేవాళ్ళందరికీ తెలుసు. లావు అక్కడ వేసుకుని విప్పేయగల వేషం. విప్పడానికి వీల్లేనివాళ్ళకి మన తెర మీద దక్కేది హాస్యపాత్రో గయ్యాళి పాత్రో.

ఇంకా వెనక్కి, 1957 నాటి 'మాయాబజార్'కి వెళ్దాం. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్న ఘట్టాలు గుర్తు తెచ్చుకోండి. సావిత్రి అడుగులు బారలు వేస్తుంది, గంభీరంగా నవ్వుతుంది, విలాసంగా కూలబడుతుంది, అంతలోనే సిగ్గు తెచ్చిపెట్టుకుంటుంది. ఒక స్త్రీ శరీరం ఏ సంకోచమూ లేకుండా అంత చోటు ఆక్రమించుకోవడాన్ని తరాలుగా ఆనందించాం. ఎందుకు ఆనందించగలిగాం? లోపల ఉన్నది మగవాడని తెలుసు గనక. అదే సినిమాలో రంగారావు అంత భారీ శరీరంతో పెళ్ళివారి భోజనమంతా ఒక్కడే లాగించేస్తుంటే ముచ్చటపడ్డాం. ఆ విస్తరి ముందు ఒక లావుపాటి స్త్రీని కూర్చోబెట్టి చూడండి. ముచ్చట కాస్తా వెగటు అయిపోతుంది.

"మరి ఆరోగ్యం?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే. అధిక బరువుకీ మధుమేహానికీ రక్తపోటుకీ సంబంధముంది. దక్షిణాసియా వాళ్ళకి తక్కువ బరువు దగ్గరే ఆ ముప్పు మొదలవుతుందని కూడా వైద్యులు చెప్తున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం స్త్రీలు అధిక బరువున్నారు. తెలంగాణలో అది 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. అయితే అదే సర్వేలో దేశంలో 57 శాతం స్త్రీలకి రక్తహీనత ఉందని తేలింది. అంటే చాలా ఒళ్ళల్లో లావూ లేమీ కలిసే ఉన్నాయి. అందరూ తిన్నాక మిగిలిన అన్నం పారేయలేక తినే తల్లి, పప్పు అడుగంటితే పచ్చడితోనే కడుపు నింపుకునే కోడలు, పెద్దమనిషి కాగానే ఆటలు మాన్పించిన పిల్ల, వరస కాన్పులు, థైరాయిడ్ – ఇన్ని కారణాలున్న ఒంటిని చూసి 'తిండిబోతు' అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. లావుని కొలిచే బి.ఎం.ఐ. లెక్కని 19వ శతాబ్దంలో బెల్జియంలో క్వెట్లే కనిపెట్టింది 'సగటు మనిషి'ని వెతకడానికి. 1972లో దానికి ఆ పేరు పెట్టిన ఆన్సెల్ కీస్ బృందం పరిశీలించింది మగవాళ్ళ శరీరాలని. లెక్క పనికిరాదని కాదు, అది మనిషి విలువని కొలిచే తూనికరాయి కాదని.

చెవినొప్పితో వెళ్తే ఒక డాక్టరుగారు చెవి చూడకముందే నా బరువు గురించి పావుగంట చెప్పారు. ఆ తర్వాత ఏడాదిపాటు నేను ఏ డాక్టరు గడపా తొక్కలేదు. అవమానం మందులా పనిచెయ్యదు, మందుకి దూరం చేస్తుంది. ఇంకో మాట. రేపు నా లావు వల్లే నాకు జబ్బు చేసిందనుకుందాం. జబ్బు మనిషికి గౌరవం తగ్గించి ఇవ్వాలా? ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే దక్కే గౌరవం గౌరవం కాదు, బహుమతి.

మన స్త్రీవాద కవిత్వం శరీరం గురించి మాట్లాడటం ఎప్పుడో మొదలుపెట్టింది. జయప్రభ పైట గురించి, కొండేపూడి నిర్మల లేబర్ రూం గురించి రాసినప్పుడు తెలుగు సాహిత్యం ఉలిక్కిపడింది. ఆ కవితల నుంచి నేను నేర్చుకున్నదొకటుంది. అవి శరీరం మీద హక్కు అడిగాయి. ముందు నీ శరీరాన్ని ప్రేమించు, తర్వాత హక్కు అడుగు అని షరతు పెట్టలేదు. కొన్ని పొద్దులు అద్దంలో నా ఒళ్ళు నాకు నచ్చదు. కొన్ని పొద్దులు దాని సంగతే గుర్తుండదు, అవే మంచి రోజులు. నచ్చని రోజున కూడా నేను క్లాసుకి వెళ్ళి పాఠం చెప్పగలగాలి, బస్సులో సీటు అడగగలగాలి, వాదించగలగాలి. అది నాలో నేను పుట్టించుకోవాల్సిన గుణం ఒక్కటే కాదు. నలుగురూ ఇవ్వాల్సిన చోటు కూడా.

ఆ చోటు ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. ఇద్దరు ఆడవాళ్ళం చాన్నాళ్ళకి కలిస్తే మొదటి పలకరింపు "చిక్కావే, బాగున్నావ్" అనో, "ఏంటి, ఒళ్ళు చేశావ్" అనో. స్త్రీవాదులమైన మనం కూడా ఆత్మీయత అనుకుని ఇలాగే మొదలుపెడతాం. ఒకరి ఒంటి మీద మరొకరు కాపలా కాయడం మనకి అంత అలవాటైపోయింది. అది మానేస్తే మొదట్లో ఏం మాట్లాడాలో తోచదు, నిజమే. ఏం రాస్తున్నావని అడగొచ్చు. చెప్పింది విని, ఒప్పుకోకపోతే పోట్లాడొచ్చు.